పెరట్లో పిగిలిపిట్ట గూడు కట్టింది: గోరింట పొదను కొట్టించాలా, ఉంచాలా?

పెరటిగుమ్మం (తెనాలి)
ఏప్రిల్ 6, ఉదయం 7:40

సభ్యులందరికీ నమస్కారం. ముప్పై రెండేళ్లు ఉపాధ్యాయినిగా పనిచేసి, పదవీ విరమణ తరువాత మా అమ్మ ఉన్న ఇంటికే వచ్చి స్థిరపడ్డాను. ఇంటి వెనుక మూడు సెంట్ల పెరడు ఉంది. నూతి పక్కన అరటి, ఒక జామచెట్టు, కరివేపాకు, మందారాలు, ప్రహరీని ఆనుకొని అమ్మ నాటిన గోరింట పొద ఉన్నాయి. అమ్మ పోయిన తరువాత ఆ పొదను ఎవరూ కత్తిరించకపోవడం వల్ల అది నా తలకు మించి పెరిగి, లోపలికి చేయి దూరనంత దట్టంగా అల్లుకుపోయింది.

పోయిన వానాకాలంలో ప్రహరీ ఒకచోట ఒరిగింది. మేస్త్రీని పిలిచి చూపిస్తే, పొద కొట్టేస్తే తప్ప పునాది తవ్వడం కుదరదని చెప్పి, వచ్చే ఆదివారం మనుషులతో వస్తానని బయానా కూడా తీసుకున్నాడు. నిన్న సాయంత్రం, ఎలాగూ పోయే పొదే కదా అని నాలుగు గుప్పిళ్ల ఆకు కోసుకోవడానికి వెళ్లాను. ఒక కొమ్మను పక్కకు తీసేసరికి, మూడు కొమ్మలు చీలే చోట, నా గుండెల ఎత్తులో, కొబ్బరి చిప్పలో సగమంత గూడు కనిపించింది. ఎండు పుల్లలు, సన్నటి వేళ్లు, పీచు కలిపి అల్లిన గూడు. దాని అడుగున లేత గులాబిరంగు మీద ఎర్రమట్టి చిలకరించినట్టు మచ్చలున్న మూడు గుడ్లు. నేను చేయి వెనక్కి తీసుకునే లోపలే జామకొమ్మ మీద నుంచి అరుపు మొదలైంది. నెత్తి మీద నల్లటి కుచ్చు, తోక మొదట్లో అడుగున కుంకుమ అద్దినట్టు ఎర్రటి మచ్చ ఉన్న పిగిలిపిట్ట అది. ఇన్నాళ్లూ ఉదయం కాఫీ తాగుతూ నేను వింటున్న పాట ఈ జంటదే అయి ఉంటుంది.

రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. గోడ అవసరమే, పొద కూడా నాకు ముఖ్యమే. ఈ గుడ్లు పిల్లలై ఎగిరిపోవడానికి ఎన్ని రోజులు పడుతుంది? అంతవరకు నేను చేయవలసినదేమిటి, చేయకూడనిదేమిటి? తిండి, నీళ్లు పెట్టవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

వేపనీడ (హనుమకొండ)
ఏప్రిల్ 6, ఉదయం 9:15

నమస్కారం అమ్మా. ముందుగా మేస్త్రీకి ఫోన్ చేసి, పని ఒక నెల వాయిదా వేయమని చెప్పండి. పిగిలిపిట్ట సాధారణంగా రెండో మూడో గుడ్లు పెడుతుంది. మీరు మూడు చూశారు కాబట్టి పెట్టడం దాదాపు పూర్తయినట్టే. పొదగడానికి పన్నెండు రోజులు, అటూ ఇటుగా ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ తరువాత మరో పన్నెండు రోజులకు పిల్లలు గూడు వదులుతాయి. అంటే ఈ నెలాఖరుకు మీ పొద ఖాళీ అవుతుంది. వానలు మొదలవడానికి అప్పటికి ఇంకా నెలన్నర ఉంటుంది కాబట్టి, గోడకు వచ్చే నష్టమేమీ లేదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. ఆ చట్టం అడవి పక్షుల గుడ్లను పాడుచేయడాన్ని, గూళ్లను చెదరగొట్టడాన్ని కూడా వేట కిందనే లెక్కిస్తుంది. మేస్త్రీ ఒప్పుకోకపోతే ఆ మాట కూడా నెమ్మదిగా చెప్పండి. నా అనుభవంలో చట్టం దాకా వెళ్లవలసిన అవసరం రాదు. గుడ్లు చూపిస్తే చాలామంది వాళ్లంతట వాళ్లే ఆగిపోతారు.

ఇక చేయకూడనిది ఒక్కటే ముఖ్యం. మళ్లీ మళ్లీ కొమ్మ తీసి చూడకండి. మనిషి చేయి తగిలితే తల్లి గూటిని వదిలేస్తుందని మన ఇళ్లలో అంటారు కానీ అది నిజం కాదు. వాసనను బట్టి పిట్టలు పిల్లలను వెలివేయవు. అసలు ప్రమాదం వేరే ఉంది. మీరు రోజూ ఒకే చోటికి వెళ్లి తొంగిచూస్తుంటే, తల్లి అరుపు విని కాకి, జెముడుకాకి ఆ చోటును గుర్తు పెట్టుకుంటాయి. కాఫీ తాగే చోటనే కూర్చొని దూరం నుంచి చూడండి. నాలుగు రోజుల్లో ఆ జంట మిమ్మల్ని కూడా పెరట్లోని ఒక చెట్టు కింద జమకట్టి, మీ ఎదుటే వస్తూ పోతూ ఉంటుంది.

కోనసీమకుచ్చు (అమలాపురం)
ఏప్రిల్ 6, మధ్యాహ్నం 1:05

అక్కయ్య గారూ, మీ పోస్టు చదివి మా మామ్మ గుర్తుకు వచ్చింది. మా ప్రాంతంలో కోతలయ్యాక మంచి వరికంకులను ఏరి, జడలాగా అల్లి, గంట ఆకారంలో కుచ్చులు కట్టి వీధి అరుగు మీద దూలానికి, గుడి మండపంలోను వేలాడదీయడం ఉంది. ఇంటికి కొత్త ధాన్యం వచ్చిందంటే అందులో మొదటి పాలు పిచ్చుకలది. తలకిందులుగా వేలాడుతూ, ఒక్కొక్క గింజ పొట్టు ఒలిచి తినే పిచ్చుకలను చూస్తూ మేము అరుగు మీద లెక్కలు చేసుకునేవాళ్లం. పొట్టు మా పుస్తకాల మీద రాలేది.

ఇప్పుడు డాబా ఇళ్లు వచ్చి, దూలాలు, పెంకుల సందులు పోయి, పిచ్చుకకు గూడు పెట్టే చోటే లేకుండా పోయింది. నేను మూడేళ్ల క్రితం చెక్క పెట్టెలు చేయించి వరండాలో బిగించాను. రంధ్రం మూడు సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువగా మాత్రమే ఉండాలి. పెద్దదైతే గోరింకలు ఆక్రమిస్తాయి. రెండు పెట్టెల్లో ఇప్పుడు కాపురాలు ఉన్నాయి. మీరు కూడా రోజూ ఒక గుప్పెడు నూకలు, సజ్జలు చల్లండి. పెరడు కళకళలాడుతుంది.

ఎండుటాకు (హైదరాబాద్ శివారు)
ఏప్రిల్ 6, రాత్రి 9:30

కోనసీమ గారి మాటలో ఉన్న ప్రేమను నేను అర్థం చేసుకోగలను, కానీ గింజలు చల్లే విషయంలో నా అనుభవం వేరు. మా కాలనీలో కొందరు ప్రతి ఉదయం కిలోల కొద్దీ జొన్నలు చల్లడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి అక్కడ పావురాలు తప్ప మరో పిట్ట కనిపించకుండా పోయింది. వాటి రెట్ట ఎండి పొడియై గాలిలో కలిస్తే, కొందరికి ఊపిరితిత్తులు గట్టిగా దెబ్బతింటాయని వైద్యులు చెబుతున్నారు. మిగిలిన గింజలకు ఎలుకలు వచ్చాయి, ఎలుకల కోసం పాములు వచ్చాయి. పైగా మన పెరటికి వచ్చే పిట్టల్లో గింజలు తినేవి తక్కువ. పిగిలిపిట్టకు పండ్లు, పురుగులు కావాలి; తేనెపిట్టకు పూలు, సాలెపురుగులు కావాలి; కుట్టుపిట్టకు పురుగులు కావాలి. గింజలు తినే పిచ్చుక సైతం గూట్లో ఉన్న తన పిల్లలకు మొదటి రోజుల్లో పురుగులనే తెచ్చిపెడుతుంది. కాబట్టి పెరట్లో పురుగు బతకకుండా మందు కొట్టి, బయట గింజలు చల్లితే పిచ్చుక పిల్ల నిలవదు.

నేను మీకు ఇవ్వగలిగిన సలహా ఒక్కటే. పెరట్లో ఒక మూలను ఊడ్చకుండా వదిలేయండి.

దీని వెనుక ఒక సంగతి ఉంది. మా ఇంటి వెనుక మామిడి, సపోటా చెట్ల కింద రాలిన ఆకులను ప్రతి శనివారం పోగుచేసి తగలబెట్టించేవాణ్ణి. మూడేళ్ల క్రితం నడుము నొప్పి వచ్చి రెండు నెలలు ఆ పని సాగలేదు, ఆకులు జానెడు మందాన పేరుకుపోయాయి. అక్టోబరు చివరిలో ఒక సాయంత్రం, చీకటి పడుతుండగా, ఆ ఆకుల్లో నుంచి సరసరమని చప్పుడు వచ్చింది. పందికొక్కు అనుకొని టార్చి తీయబోయి ఆగాను. మైనా కన్నా కొంచెం చిన్నది, తోక లేదా అన్నంత పొట్టి తోక ఉన్న పిట్ట ఒకటి, ముక్కుతో ఒక్కొక్క ఆకునూ ఎగరవేసి, కింద ఉన్న పురుగును ఏరుకుంటోంది. వీపు ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలం, కంటి మీదుగా వెడల్పాటి నల్లటి పట్టీ, గోధుమరంగు పొట్ట, కిందికి వచ్చేసరికి ముదురు ఎరుపు. ఇన్ని రంగులున్న పిట్ట ఆ ఎండుటాకుల మధ్య కదలకుండా నిలబడితే నాకు కనిపించలేదు, కదిలితేనే కనిపించింది.

అది పొన్నంగి పిట్ట. హిమాలయాల దిగువన, మధ్య భారతంలో వానాకాలంలో పిల్లలను చేసుకొని, చలికాలానికి దక్షిణాదికి, సింహళానికి వలస వెళ్తుంది. రాత్రిపూట ప్రయాణం చేసి, అలసిపోయినప్పుడు ఇలా ఎవరి పెరట్లోనో దిగుతుంది. మా ఇంట్లో ఐదు రోజులు ఉంది. తెల్లవారుజామున, సాయంత్రం మసక వెలుతురులో మాత్రమే రెండు స్వరాలతో ఈల వేసేది. శాస్త్రజ్ఞులు ఈ జాతి పక్షులన్నింటికీ ప్రపంచమంతటా వాడే పేరు 'పిట్టా' అన్నది మన తెలుగు మాట 'పిట్ట' నుంచి వెళ్లిందేనని ఆ తరువాత చదివాను. ఆ రోజు నుంచి ఆ మూలలో చీపురు పెట్టలేదు, ఆకులు తగలబెట్టలేదు. గింజ కూడా చల్లలేదు. నిరుడు ఒక్క పెరట్లోనే నలభై మూడు రకాల పిట్టలను రాసుకున్నాను.

పెరటిగుమ్మం (తెనాలి)
ఏప్రిల్ 7, ఉదయం 6:55

అందరికీ ధన్యవాదాలు. మేస్త్రీకి ఫోన్ చేశాను. మొదట కొంచెం విసుక్కున్నాడు కానీ, వచ్చి చూసి వెళ్లమన్నాను, వస్తానన్నాడు.

ఎండుటాకు గారూ, మీరు చెప్పిన పొన్నంగి పిట్ట వర్ణనను రెండుసార్లు చదివాను. అయితే నాకు రెండు భయాలు ఉన్నాయి. మాది పొలాల పక్క వీధి. ఆకులు పేరుకుంటే తేళ్లు, పాములు చేరవా? మా అమ్మ రోజుకు రెండు పూటలా పెరడు ఊడ్చింది ఊరికే కాదు కదా. రెండవది, నీళ్లు పెడితే దోమలు పెరగవా?

వేపనీడ (హనుమకొండ)
ఏప్రిల్ 7, ఉదయం 8:20

అమ్మా, మీ అమ్మగారు చేసింది సరైనదే. మనుషులు చెప్పుల్లేకుండా నడిచే చోటు, నూతి చుట్టూ, గుమ్మం ముందు రోజూ ఊడవవలసిందే. వదిలిపెట్టవలసినది ఇంటికి, నడిచే దారికి ఎడంగా ఉన్న ఒక మూల మాత్రమే. రెండు మంచాలంత చోటు చాలు. అక్కడికి చెప్పులు లేకుండా, చీకట్లో వెళ్లకండి, ఆకుల్లో చేయి పెట్టకండి. పామును పెరట్లోకి ఎక్కువగా పిలిచేవి ఎలుకలు, ఇటుకల కుప్పలు, పిడకల గుట్టలు, కట్టెల మోపులు. గోడ పని కోసం తెప్పించే ఇటుకలను ఆ మూలకు దూరంగా పేర్పించండి.

నీళ్ల విషయానికి వస్తే, ఒక వెడల్పాటి మట్టి మూకుడు తీసుకోండి. నీళ్లు రెండంగుళాల లోతుకు మించకూడదు. మధ్యలో ఒక గరుకు రాయి పెడితే చిన్న పిట్టలు దాని మీద నిలబడి తాగుతాయి, స్నానం చేస్తాయి. పింగాణీ, స్టీలు పళ్లాల్లో వాటి కాళ్లు జారుతాయి, ఎండకు నీళ్లు కాగిపోతాయి కూడా. ప్రతి ఉదయం పాత నీళ్లు మందారం పాదులో పోసి, మూకుడును కొబ్బరిపీచుతో రుద్ది, కొత్త నీళ్లు పోయండి. దోమ గుడ్డు పెట్టిన నాటి నుంచి దోమగా లేవడానికి వారం అటూ ఇటుగా పడుతుంది కాబట్టి, రోజూ మార్చే నీళ్లలో దోమ పుట్టే వీలు లేదు. మూకుడును పొదకు మరీ ఆనించి పెట్టకండి. పిల్లి పొంచి ఉంటుంది. నాలుగు బారల దూరంలో, పైన ఒక కొమ్మ అందుబాటులో ఉండేటట్టు పెట్టండి.

సీమఎండ (అనంతపురం)
ఏప్రిల్ 7, సాయంత్రం 6:10

అక్కా, నీళ్ల గురించి వేపనీడ సార్ చెప్పింది అక్షరాలా నిజం. నేను డిగ్రీ చదువుతున్నాను. మాకు పెరడు లేదు, మేడ మీద నాలుగు కుండీలు మాత్రం ఉన్నాయి. మా ఊరి ఎండకు గింజల కోసం వచ్చే పిట్టల కన్నా నీళ్ల కోసం వచ్చేవి ఎక్కువ. ఒక ప్లాస్టిక్ డబ్బాకు సూదితో చిల్లు పెట్టి, మూకుడు మీద బొట్టు బొట్టుగా పడేటట్టు వేలాడదీశాను. ఆ చప్పుడుకే వస్తున్నాయి. నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకు రెండు గువ్వలు, ఒక నల్లంచి, మూడు పిచ్చుకలు ఒకే మూకుడు చుట్టూ నోళ్లు తెరుచుకొని రొప్పుతూ నిలబడ్డాయి. గువ్వ మాత్రం తల ఎత్తకుండా, గేదె తాగినట్టు ఒక్క బిగిన నీళ్లు పీల్చుకుంటుంది. మిగతావి ఒక్కొక్క గుక్కకూ తల పైకెత్తుతాయి. ఈ తేడాను నేను మొన్ననే గమనించాను.

నాది కూడా ఒక ప్రశ్న ఉంది. ఆ నల్లంచి పొద్దున్న లేచింది మొదలు మా బండి అద్దంతో పోట్లాడుతోంది. ముక్కు పగులుతుందేమో అని భయంగా ఉంది.

ఎండుటాకు (హైదరాబాద్ శివారు)
ఏప్రిల్ 7, రాత్రి 8:45

తమ్ముడూ, అద్దంలో కనిపించేది తన చోటును ఆక్రమించడానికి వచ్చిన మరో మగపిట్ట అనుకుంటుంది. గూడు పెట్టే కాలంలో మాత్రమే ఇలా చేస్తుంది. బండి నిలిపినప్పుడు అద్దాలకు పాత మేజోళ్లు తొడగండి. ప్రతిబింబం కనిపించకపోతే రెండు మూడు రోజుల్లో మానుకుంటుంది. మేడ మీద పతంగి దారం ముక్కలు చిక్కుకొని ఉంటే అవి కూడా ఏరి పారేయండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా సంక్రాంతి దారాలు ఏప్రిల్ వరకు చెట్లకు వేలాడుతూనే ఉంటాయి. వాటిలో రెక్క చిక్కుకొని వేలాడిన గువ్వను నేను నిచ్చెన వేసి దించిన రోజు ఉంది. అది బతకలేదు.

కోనసీమకుచ్చు (అమలాపురం)
ఏప్రిల్ 8, ఉదయం 10:30

ఎండుటాకు గారూ, మీరు చెప్పిన పావురాల సంగతి కాదనలేను. అయితే కిలోల కొద్దీ జొన్నలు చల్లడం, ఏడాదికి రెండు మూడు కుచ్చులు కట్టడం ఒకటి కాదని నా మనవి. కుచ్చును పావురం పట్టుకొని వేలాడలేదు, పిచ్చుక వేలాడగలదు. గింజ నేల మీద కుప్ప పడదు. మామ్మ ఈ లెక్కలన్నీ వేసే కట్టిందో లేదో కానీ, ఆ ఏర్పాటులో ఎవరికి అందాలో వారికే అందే పద్ధతి ఉంది. రోజూ గుప్పెడు నూకలు చల్లమన్న నా మాటను మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

అక్కయ్య గారూ, మీ అరటిని జాగ్రత్తగా చూడండి. గెల దిగిన తరువాత కింద వేలాడే పువ్వును కూరకని వెంటనే కోసేయకుండా పది రోజులు ఉంచితే తేనెపిట్టలు వస్తాయి. మగపిట్ట ఎండలో ఊదారంగులో మెరుస్తుంది. ఆడది పైన మట్టిరంగు, కింద పసుపు. మా వరండాలో బట్టలారేసే తీగ చివర నిరుడు ఆడ తేనెపిట్ట ఒక్కతే గూడు అల్లింది. సాలెగూళ్లు తెచ్చి, ఎండుటాకు ముక్కలు, బెరడు పొట్టు, గొంగళి పురుగుల రెట్ట కూడా అంటించి, దూరానికి చెత్త చిక్కుకున్నట్టు కనిపించేలా చేసింది. మా కోడలు బూజుకర్రతో దులపబోయి, లోపల నుంచి సన్నటి ముక్కు బయటికి రావడం చూసి ఆగిపోయింది. ఆ మూల బూజు ఇప్పటికీ దులపడం లేదు.

చామంతితోట (డల్లాస్)
ఏప్రిల్ 9, ఉదయం 7:20

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, పద్దెనిమిదేళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నాం. పిన్ని గారూ, మీ సమస్య చదివి మా ఇంటి సంగతి చెప్పాలనిపించింది. నిరుడు మార్చిలో మా ముందు తలుపుకు తగిలించిన గుండ్రటి కాగితపు పూలదండలో ఫించ్ పిట్ట గూడు పెట్టి నాలుగు గుడ్లు పెట్టింది. ఇక్కడ 1918లో చేసిన వలస పక్షుల చట్టం ప్రకారం గుడ్లున్న గూటిని కదిలించకూడదు. మేము నెల రోజులు ఆ తలుపు తెరవలేదు. వచ్చిన అతిథులందరూ గరాజు దారిలోనే వచ్చారు. ఆ నెలలో మా పిల్లలు తలుపు అద్దం లోపలి నుంచి గూటిని చూడడం నేర్చుకున్నారు. అమ్మమ్మ దగ్గర ఫోనులో 'ఈకలొచ్చాయి' అన్న తెలుగు మాట నేర్చుకొని, రోజూ ఉదయం అదే చెప్పేవారు.

మా పెరట్లో ఈ నెలలో హమ్మింగ్‌బర్డ్‌లు దిగాయి. మూడు గ్రాముల బరువుండే ఎర్రమెడ హమ్మింగ్‌బర్డ్ మెక్సికో సింధుశాఖను ఆగకుండా దాటి, ఎనిమిది వందల కిలోమీటర్ల దాకా నీటి మీద ఎగిరి వస్తుంది. వాటి కోసం ఒక వంతు పంచదార, నాలుగు వంతుల నీళ్లు కలిపి సీసాలో పెడతాం. రంగు వేయకూడదు, తేనె కలపకూడదు, ఎండాకాలంలో రెండు రోజులకొకసారి కడిగి మార్చాలి. అరటి పువ్వు, మందారం ఉన్న మీ పెరట్లో తేనెపిట్టలకు ఈ శ్రమ అక్కరలేదు.

మరొక విషయం. మీరంతా తలచుకొని బాధపడుతున్న పిచ్చుక ఇక్కడ పరాయిది. 1850ల్లో న్యూయార్కు ప్రాంతంలో తెచ్చి వదిలారు. ఇప్పుడది స్థానిక పిట్టల గూళ్లను ఆక్రమిస్తోందని ఇక్కడివారు దానిని రానివ్వరు. ఆ 1918 చట్టం రక్షణ కూడా దానికి లేదు. నేను మాత్రం మా గరాజు చూరులో ఉన్న జంటను తరమలేకపోయాను. చిన్నప్పుడు మా ఇంట్లో అద్దం వెనుక గూడు పెట్టిన పిచ్చుకలు గుర్తుకు వస్తాయి.

వేపనీడ (హనుమకొండ)
ఏప్రిల్ 9, సాయంత్రం 5:50

అమ్మా, ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, సమయం, వచ్చిన పిట్ట, అది ఏం చేసింది అన్న నాలుగు మాటలు చాలు. 1931లో పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ అప్పటి హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆయన రాసుకున్న వివరాల వల్లనే మా ప్రాంతంలో అప్పుడు ఏ పిట్ట ఉండేదో ఈ రోజు మనకు తెలుస్తోంది. ఇప్పుడు ఆ పని మామూలు ఇళ్ల నుంచే జరుగుతోంది. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు పెరటి పక్షుల లెక్కింపు ఉంటుంది. 1998లో అమెరికాలో మొదలై, మన దేశంలో 2013 నుంచి జరుగుతోంది. ఒక చోట కనీసం పదిహేను నిమిషాలు కూర్చొని చూసినవన్నీ నమోదు చేస్తే సరిపోతుంది. వచ్చే ఏడాది తెనాలి నుంచి మీ లెక్క కూడా చేరాలని నా కోరిక.

పెరటిగుమ్మం (తెనాలి)
ఏప్రిల్ 18, ఉదయం 7:10

నోటు పుస్తకంలో నుంచి చూసి రాస్తున్నాను. నిన్న, 17వ తేదీ ఉదయం 6:25కు తల్లి నోటిలో ఆకుపచ్చ గొంగళి పురుగుతో పొదలోకి వెళ్లింది. అప్పటిదాకా ఉత్త ముక్కుతోనే వెళ్లేది కాబట్టి పిల్లలు వచ్చాయని అర్థమైంది. తండ్రి కూడా తెస్తోంది. గంటలో పదకొండు సార్లు వచ్చాయి. తిరిగి వెళ్లేటప్పుడు కొన్నిసార్లు ముక్కున సగ్గుబియ్యం గింజలాంటి తెల్లటి ముద్ద ఉంటోంది. అది పిల్లల రెట్ట అని, గూడు శుభ్రంగా ఉండడానికి అలా మోసి పారవేస్తాయని ఈ వేదికలోనే పాత చర్చలో చదివాను.

మేస్త్రీ వచ్చి చూశాడు. పొద దగ్గర ఒక్క క్షణం నిలబడి, తన చెప్పుల చప్పుడుకు తల్లి లేచిపోతుందేమోనని వెనక్కి నడిచాడు. వీధివైపు నుంచి తవ్వితే పొదను మొదలంటా కొట్టనక్కరలేదని, గోడవైపు కొమ్మలు మూడో వంతు తగ్గిస్తే చాలునని ఇప్పుడు చెబుతున్నాడు.

పెరటిగుమ్మం (తెనాలి)
ఏప్రిల్ 22, మధ్యాహ్నం 12:40

ఇవాళ ఒక పిల్ల పోయింది. పదిన్నర ప్రాంతంలో రెండు పిట్టలూ ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టాయి. నేను వంటింట్లో నుంచి పరుగెత్తేసరికి జెముడుకాకి పొదలో నుంచి బయటికి వస్తోంది. ఎర్రటి కన్ను, ఇటుకరంగు రెక్కలు, ముక్కున వేలాడుతున్న పిల్ల. పిగిలిపిట్టలు దాని వీపు మీద పొడుస్తూ అరటి దాకా తరిమాయి. నేను కర్ర తీసుకున్నాను కానీ అప్పటికే గోడ దాటింది. నేను ఎక్కువగా చూడడం వల్ల ఇలా జరిగిందా? పొద చుట్టూ వల కట్టించమంటారా?

ఎండుటాకు (హైదరాబాద్ శివారు)
ఏప్రిల్ 22, మధ్యాహ్నం 1:25

అమ్మా, మీ వల్ల కాదు. పిల్లలు ఆకలికి అరిచే వయసు వచ్చింది, ఆ అరుపు ఎవరికైనా వినిపిస్తుంది. జెముడుకాకికి కూడా ఈ నెలల్లోనే పిల్లలుంటాయి. వల మాత్రం కట్టకండి. తల్లిదండ్రులకు దారి మూసుకుపోతుంది, లేదా వాటి కాళ్లే చిక్కుకుంటాయి. పొదను కత్తిరించకపోవడమే మీరు ఇవ్వగలిగిన రక్షణ. మిగిలిన రెండింటికి ఇంకా వారం రోజులు ఉన్నాయి.

ఒక జాగ్రత్త. గూడు వదిలిన రోజున పిల్లలకు సరిగా ఎగరడం రాదు. తోక పొట్టిగా, మెడ మీద ఈకలు అక్కడక్కడ లేకుండా, నేల మీద, కింది కొమ్మల మీద గెంతుతూ ఉంటాయి. పడిపోయిందనుకొని చాలామంది ఇంట్లోకి తెచ్చి, అట్టపెట్టెలో పెట్టి పాలు పోస్తారు. పాలు వాటికి అరగవు. తల్లిదండ్రులు అక్కడే ఉండి ఇంకా కొన్ని రోజులు తినిపిస్తాయి. దారికి అడ్డంగా ఉంటే తీసి దగ్గరి కొమ్మ మీద పెట్టి, పిల్లులను దూరంగా ఉంచండి. అంతే చాలు.

పెరటిగుమ్మం (తెనాలి)
మే 2, ఉదయం 7:30

ఏప్రిల్ 29వ తేదీ ఉదయం 5:50కి మొదటి పిల్ల గూటి అంచు మీదికి ఎక్కి, అక్కడే ఇరవై నిమిషాలు కూర్చుంది. తల్లి ముక్కున కరివేపాకు చెట్టు నల్లటి పండు పట్టుకొని, రెండు మూరల దూరంలో కొమ్మ మీద నిలబడి, పెట్టకుండా పిలిచింది. పిల్ల వంగింది, రెక్కలు విదిలించింది, కిందికి దిగలేక వెనక్కి జరిగింది. మూడవసారికి గెంతి, కొమ్మ అందక, మందారం ఆకుల్లోకి జారి, అక్కడ తలకిందులుగా వేలాడి, తిరిగి నిలబడింది. తల్లి వెళ్లి పండు నోట్లో పెట్టింది. రెండవ పిల్ల మరునాడు సాయంత్రం దిగింది. ఇద్దరూ ఇప్పుడు జామచెట్టు మీదే ఉన్నారు. నెత్తిన కుచ్చు సగం వచ్చింది, తోక కింద ఎరుపు ఇంకా లేత నారింజలాగా ఉంది.

మేస్త్రీ నిన్న తనే ఫోన్ చేసి, "పిల్లలు లేచాయా అమ్మా?" అని అడిగిన తరువాతనే పని మాట ఎత్తాడు. సోమవారం వీధివైపు నుంచి తవ్వుతారు. ఇటుకలు నూతి అవతల పేర్పించాను.

జామచెట్టు వెనుక మూలలో చీపురు పెట్టక ఈ రోజుకు ఇరవై అయిదు రోజులు. ఇందాక ఆ ఆకుల్లో సరసర చప్పుడైతే, కాఫీ గ్లాసు అక్కడే పెట్టి, కదలకుండా చూశాను. ఎండుటాకు గారి పొన్నంగి పిట్ట కాదు. మట్టిరంగు సీదపిట్టలు ఏడు, ఒకదాని వెనుక ఒకటి గెంతుతూ, ఒక్కొక్క ఆకునూ తిరగవేసి చూసుకుంటూ గోడ దాకా వెళ్లాయి. పుస్తకంలో రాశాను: మే 2, 6:40, కొత్తవి, ఏడు.